పేరు రాయని ఫిల్ము

ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ళు డాక్టరు పిలిచేదాకా ఆగలేరు. ఫిల్ము ఇంకా నీళ్ళు కారుతూ ఉండగానే చీకటి గది తలుపు తడతారు. "ఏముండాదప్పా దాంట్లో?" అని మెల్లగా అడుగుతారు. హిందూపురంలో నేను పనిచేసిన నర్సింగ్ హోములో ఇది రోజూ ఉండేది. డాక్టరు ముందు నోరు పెగలని రైతులు, కూలికి పోయే ఆడవాళ్ళు నా దగ్గర మాత్రం అడిగేవాళ్ళు. చెప్పడం నా పని కాదు. ఫిల్ము తీసి, కడిగి, ఆరబెట్టి డాక్టరు బల్ల మీద పెట్టడంతో నా పని అయిపోతుంది. అయినా చెప్పేవాణ్ణి. తడి ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని ఎముక విరిగిందనో విరగలేదనో, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనో చెప్పేవాణ్ణి. చాలాసార్లు సరిగ్గానే చెప్పాను. ఆ సరిగ్గా చెప్పడమే నన్ను పాడుచేసింది.

తొంభైల మొదట్లో ఇంటర్ తప్పి ఆ నర్సింగ్ హోములో చేరాను. చేరింది నేల తుడవడానికి. మాది ధర్మవరం. నాయన గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. నేనూ ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవాల్సినవాణ్ణే. కూర్చోలేదు. ఎక్స్‌రే తీసే ఆయన పెళ్ళి చేసుకుని బళ్ళారి వైపు వెళ్ళిపోతే, అంతవరకూ ఆయన పక్కన నిలబడి చూసిన పనిని నాకు అప్పగించారు. సర్టిఫికెట్టు లేదు. అప్పట్లో ఎవరూ అడగలేదు.

మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నాను. అక్కడ పై అరలో ఇంగ్లీషు వైద్య పుస్తకాలు ఒక పదిహేను ఉండేవి. చనిపోయిన ఒక డాక్టరు ఇంటివాళ్ళు ఇచ్చారట. వాటి వెనక అట్టకు అంటించిన చీటీలో ఎవరి తేదీలూ లేవు. మూడేళ్ళలో ఆ చీటీలన్నీ నా తేదీలతో నిండిపోయాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీకి ఒక్కో సాయంత్రం ఖర్చు పెట్టాను. వెన్నులో ఎన్ని పూసలో, ఒక్కో పూస నుంచి బయటికొచ్చే నరం ఏ కండరానికి పోతుందో బొమ్మలు వేసుకున్నాను. పత్రికల్లో వచ్చే విజ్ఞానం పేజీలు కత్తిరించి దాచేవాణ్ణి. మనిషిని కోయకుండానే ముక్కలు ముక్కలుగా చూపించే స్కానింగు గురించి, అయస్కాంతంతో ఒంట్లోని నీటిని పలికించే యంత్రం గురించి చదివి, అవి ఇంకా మా జిల్లాకు రాకముందే ఎట్లా పనిచేస్తాయో చెప్పగలిగేవాణ్ణి. దానికి ఇప్పటికీ సిగ్గుపడను. చదవడం తప్పు కాదు.

ఒకసారి ముదిగుబ్బ వైపు నుంచి గొర్రెలు కాసే ఆమె తుంటి నొప్పితో వచ్చింది. డాక్టరు ఫిల్ము చూసి బెణుకు అన్నారు. నేను తలుపు దగ్గర నిలబడి, "సార్, అక్కడ ఒక సన్న గీత ఉన్నట్టుంది" అన్నాను. ఆయన భూతద్దం తెప్పించుకుని చూశారు. తుంటి ఎముక చిట్లి ఉంది. "నీ కండ్లు మంచివేనయ్యా" అన్నారు. అంతే అన్నారు. ఆ మాట నాకు ఏ డిగ్రీ కంటే ఎక్కువైంది. ఆ తర్వాత తలుపు దగ్గరికి వచ్చినవాళ్ళు నన్ను చిన్న డాక్టరు అని పిలవడం మొదలుపెట్టారు. నేను వద్దనలేదు.

నాయనకు నడుము నొప్పి మొదలయ్యే నాటికి నేను ఇంకో పనిలో మునిగి ఉన్నాను. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళు గారపట్టి, తర్వాత ఎముకలు బిగుసుకుపోయి మనిషి వంగిపోతాడని ఒక పుస్తకంలో పెద్ద అధ్యాయం ఉంది. చదువుతుంటే పెనుకొండ దగ్గర నాయన పుట్టిన పల్లె కళ్ళముందు కదిలింది. ఆ ఊళ్ళో నవ్వితే అందరి పళ్ళ మీదా గోధుమరంగు చారలే. ముసలివాళ్ళు నేల మీది నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. నా చుట్టూ ఉన్నదాన్నే ఎవరో దూరదేశంలో కూర్చుని రాసినట్టు అనిపించింది. ప్రతి ఆదివారం బస్సెక్కి పెనుకొండలో దిగి ఆ పల్లెకు పోయేవాణ్ణి. ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఎంత వయసు, ఏ బోరు నీళ్ళు, మెడ ఎంతవరకు తిరుగుతుంది, గడ్డం ఎదకు ఆనుతుందా అని నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు అది పరిశోధన. పత్రికకు పంపాలనుకున్నాను. వాళ్ళు నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు. "ఏమబ్బా, మా పండ్లు లెక్క పెట్టుకోని ఏం చేస్తావు, సంతలో అమ్ముతావా?" అని ఒక ముసలాయన అడిగాడు. నేనూ నవ్వాను. ఆయన మెడ కొలిచి, పదహారో మనిషిగా రాసుకున్నాను.

పదిహేడో మనిషి నాయన.

ఎండాకాలంలో ఒక రోజు ఆయన ధర్మవరం నుంచి పాసింజరు రైలెక్కి వచ్చాడు. రెండు నెలలుగా నడుములో పోటు, మగ్గం గుంటలోంచి లేచి నిలబడేటప్పుడు ఎక్కువ అన్నాడు. డాక్టరు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయే సమయం కోసం కాచుకుని ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టాను. ఇది మాలో ఉన్న అలవాటు. పనివాళ్ళ ఇంటివాళ్ళకు ఫిల్ము తీస్తే రిజిస్టరులో రాయం. రాస్తే ఫీజు అడగాలి, డాక్టరును అడిగి మాఫీ చేయించుకోవాలి. ఎందుకా తిప్పలని, పాడైన ఫిల్ముల లెక్కలో ఒకటి కలిపేసేవాళ్ళం. రోగి నెంబరు ఫిల్ము మీద పడేలా మూలలో సీసపు అంకెలు పెట్టాలి. అవీ పెట్టలేదు. పెద్ద ఫిల్ము వాడితే కనబడుతుందని పదికి పన్నెండు అంగుళాల చిన్న ఫిల్ము వాడాను. అది నడుముకు సరిపోతుంది, అంతకంటే పైకి రాదు. రెండు కోణాల్లో తీయాలి. ఒకటి పడుకోబెట్టి, ఒకటి పక్కకు తిప్పి. నేను ఒకటే తీశాను.

చీకటి గదిలో ఎర్రదీపం కింద ఆ ఫిల్ము తేలుతుంటే ముందుకు వంగి చూశాను. తుంటి ఎముకలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. పుస్తకంలో చెప్పినట్టే ఉన్నాయి. నిజం చెబుతున్నాను, నాకు ముందు వచ్చింది బాధ కాదు, సంతోషం. నేను చదివింది నా కళ్ళముందు పైకి తేలింది. ఫిల్ము పై అంచులో, కడిగేటప్పుడు ఫిల్మును పట్టుకునే క్లిప్పుల గుర్తుల పక్కన, పైపూస ఒకటి సగమే పడింది. దాని కింద ఉండాల్సిన నల్లటి సందు సన్నగా ఉంది. అంచులో ఎప్పుడూ నీడ అట్లాగే పడుతుందిలే అనుకున్నాను.

నాయన బయట బెంచీ మీద చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నేను వివరంగా చెప్పాను. ఎముకల్లో ఫ్లోరైడు పేరుకుందని, చిన్నప్పటి నీళ్ళ వల్ల వచ్చిందని, ఇప్పటి నుంచైనా నీళ్ళు తేర్చుకుని తాగాలని. ఆయన అంతా విని ఒకటే అడిగాడు.

"పెద్ద డాక్టరు చూసినాడా పటం?"

డాక్టరు ఇంకో అరగంటలో వస్తారు. ఆగి చూపించి ఉండవచ్చు. చూపిస్తే రిజిస్టరు సంగతి బయటపడుతుంది, అది చిన్న విషయం. ఇంకోటి చెప్పుకోవడానికి కష్టంగా ఉంది. సొంత తండ్రి ఫిల్ము కూడా నేను చదవలేనా అనిపించింది.

"చూసినాడు నాయనా" అన్నాను.

"ఏమన్నాడు?"

"నేను చెప్పిందే అన్నాడు."

ఆయన ముఖంలో బరువు దిగిపోయింది. సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు.

పటిక, సున్నం కలిపి నీళ్ళు తేర్చే పద్ధతి పుస్తకంలో నుంచి రాసి అమ్మకు ఇచ్చాను. అమ్మకు చదువు రాదు కాబట్టి దగ్గరుండి రెండుసార్లు చేసి చూపించాను. బిందెడు నీళ్ళలో ముందు సున్నం, తర్వాత పటిక, గరిటెతో కలుపుతూ ఉండాలి, తర్వాత కదిలించకుండా వదిలేయాలి, అడుగున మడ్డి దిగాక పైనీళ్ళు వంచుకోవాలి. అమ్మ ఒక్క రోజు తప్పలేదు. తెల్లారి లేస్తూనే ఆ బిందె ముందు కూర్చునేది. కాల్షియం బిళ్ళలు కూడా తెచ్చిచ్చాను.

నొప్పి తగ్గలేదు. ఎముకల్లో నలభై ఏళ్ళు పేరుకున్నది నాలుగు నెలల్లో పోదు కదా అన్నాను. దసరా తర్వాత అమ్మ నాతో విడిగా చెప్పింది. "సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చగైతాండాదిరా ఆయనకు. చెమటకు పంచె తడిసిపోతాండాది. అన్నం గూడా సరిగ్గా తినల్యా." గుంటలో పొద్దంతా కూర్చుంటే అట్లాగే ఉంటుందన్నాను. సాయంత్రపు జ్వరం, చెమట, చిక్కిపోవడం, వెన్ను నొప్పి. ఈ నాలుగూ ఒక వరుసలో అదే పుస్తకంలో, ఫ్లోరైడు అధ్యాయానికి ముప్పై పేజీల అవతల, వెన్నుకు వచ్చే క్షయ కింద ఉన్నాయి. ఆ పేజీలు కూడా చదివాను. కొన్ని వాక్యాలు ఎంత బాగా రాశారో అనుకున్నాను కూడా. నా మనసులో క్షయ అంటే దగ్గు. నాయనకు దగ్గు లేదు.

జబ్బు మొదట బయటపడింది చీరలో. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి చేతులు పోగు చుట్టిన నాడెను అటూ ఇటూ విసురుతుంటాయి, కాళ్ళు గుంటలోని పలకలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాయి. తొక్కు తప్పితే నేతలో తెలుస్తుంది. ముప్పై ఏళ్ళలో నాయన నేసిన చీరలో తప్పు చూపించినవాడు లేడు. మాఘమాసంలో ఆసామి, అంటే పట్టునూలిచ్చి నేయించుకునే యజమాని, మడత విప్పి వేలుతో ఒక చోట చూపించాడట. ఆ తర్వాత ఇంకో చోట. నాయన గుంటలోకి తొంగి చూసుకున్నాడట. కుడికాలు పలక మీద ఉందో లేదో చూస్తే తప్ప ఆయనకు తెలియడం లేదు.

అమ్మ ఈ సంగతి చెప్పిన వారానికి ఆయన గుంటలోంచి లేవలేకపోయాడు. పక్కింటి నేతగాళ్ళు ఇద్దరు చంకల్లో చేతులు వేసి పైకి లాగారు. నేను పోయేసరికి అరుగు మీద పడుకుని తన కాళ్ళను చూసుకుంటున్నాడు. వాటి మీద ఈగలు వాలి ఉన్నాయి.

బెంగుళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. నేను పత్రికలో చదివిన అయస్కాంతం యంత్రాన్ని మొదటిసారి అక్కడే చూశాను. నాయన్ను లోపలికి తోస్తుంటే భయపడకు, కోయరు, శబ్దం మాత్రం వస్తుంది అని చెప్పాను. యంత్రం గురించి అంత తెలిసినవాణ్ణి. ఆ బొమ్మల్లో, వెన్నుపాము ఎక్కడ నలిగిందో నాకు ఎవరూ చూపించాల్సిన పని లేకపోయింది. పై అంచులో సగమే పడిన ఆ పూస, దాని పక్క పూస రెండూ తినేసినట్టు ఉన్నాయి. చుట్టూ చీము సంచి. వయసులో చిన్నవాడైన డాక్టరు కన్నడంలో అడిగాడు, నొప్పి మొదలయ్యాక ఎక్కడా ఎక్స్‌రే తీయించలేదా అని. నేను నోరు తెరిచేలోపు నాయన చెప్పాడు.

"తీసిరి. హిందూపురంలో, మావాడు పని చేసే చోటే. పెద్ద డాక్టరు గూడా చూసినాడు."

డాక్టరు ఆ ఫిల్ము ఏదని నన్నడిగాడు. పోయిందన్నాను. అది నా నోటుబుక్కులో, అట్టకూ కాగితాలకూ మధ్య ఉంది.

చీము తీశారు. పూసలు అతికించారు. క్షయ మందులు ఏడాదిన్నర వాడాం, జబ్బు పోయింది. కాళ్ళు రాలేదు. ఒంటేలుకు గొట్టం, దొడ్డికి అమ్మ. మూడు నెలల ముందు తెచ్చి ఉంటే నడిచేవాడు అని ఆ చిన్న డాక్టరు నాతో వరండాలో అన్నాడు. తిట్టినట్టు అనలేదు, వాన పడి ఉంటే పంట చేతికొచ్చేది అన్నట్టు అన్నాడు.

ధర్మవరంలో ఇల్లు చిన్నది. మంచం వేయడానికి మగ్గం ఉన్న గదే దిక్కు. మగ్గం విప్పి అమ్మేశాం. గుంట పూడ్చడానికి మట్టి తెప్పించి నేనే తొక్కి సమం చేశాను. నాయన అరుగు మీద పడుకుని చూస్తున్నాడు. దాని మీదే ఆయన మంచం వేశాం. వీధంతా మగ్గాలే. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా అన్ని ఇళ్ళలోంచి టకటకా శబ్దం వస్తుంటుంది. ఆ శబ్దంలోనే ఆయన పడుకోవాలి. ఎవరి తొక్కు తప్పిందో మంచంలో నుంచే చెప్పేవాడు.

పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ ఆయన ఒకటే చెప్పేవాడు. "ఆ హిందూపురం డాక్టరు నా పటం చూసి నీళ్ళ జబ్బు అన్నాడంట. కండ్లు పోయినాయి వానికి. అట్లావాళ్ళ దగ్గరికి పోవద్దండప్పా." వచ్చినవాళ్ళు నా వైపు చూసేవాళ్ళు, పాపం ఆయన దగ్గరే పనిచేయాలి కదా అన్నట్టు. నేను తల వంచుకునేవాణ్ణి. మా వీధి నుంచి మా నర్సింగ్ హోముకు రావడం మానేశారు. తర్వాత పక్క వీధి నుంచి కూడా.

రెండేళ్ళకు నాయన వీపు కింద పుండ్లు పడ్డాయి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. అమ్మ ఒక్కతే తిప్పలేకపోయేది, నేనుండేది హిందూపురంలో. ఒక రోజు సెలవు ఎందుకని డాక్టరు అడిగితే నాయన పుండ్ల సంగతి చెప్పాను. ఆయన లోపలికి పోయి రబ్బరు గాలి పరుపు ఒకటి, కొత్తది, డబ్బాతో సహా తెచ్చి నా చేతికిచ్చారు. ఎవరో కంపెనీవాళ్ళు ఇచ్చిపోయారట. గాలి నింపి దాని మీద పడుకోబెడితే ఎముకల దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. సంతోషంగా ధర్మవరం తీసుకుపోయాను. ఎవరిచ్చారని నాయన అడిగాడు. అక్కడ నేను అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. ఆ ఒక్కసారి నిజం చెప్పాను.

"వాడిచ్చిందా? వాని పరుపు మీద నేను పండుకోను. అటకెక్కిచ్చు" అన్నాడు.

అమ్మ బతిమాలింది. నేను బతిమాలాను. రెండు మాటలు చెబితే అయిపోయేది, చూపించలేదు నాయనా అని. ఆ రెండు మాటలు రాలేదు. పరుపు అటకెక్కింది. పుండ్లు ఎముకదాకా దిగాయి. మూడు వర్షాకాలాలు ఆ గదిలో వాసనకు ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేకపోయారు. నేను ఆదివారం ఆదివారం వచ్చి కట్లు మార్చి, పొద్దంతా తిప్పి, సాయంత్రం రైలుకు పోయేవాణ్ణి. రైలు పెనుకొండలో ఆగినప్పుడు కొండ వైపు చూడకుండా పుస్తకం తీసేవాణ్ణి. నోటుబుక్కు ఎప్పుడో పొయ్యిలో వేశాను. ఫిల్మును మాత్రం వేయలేకపోయాను. చీకటి గదిలో పాత ఫిల్ముల అడుగున దాచాను.

రెండువేల సంవత్సరం వచ్చాక పని మారిపోయింది. నేను అప్పటికి సర్టిఫికెట్టు కోర్సు పూర్తి చేసుకున్నాను. హిందూపురంలోనే స్కానింగు వచ్చింది. మా నర్సింగ్ హోములో ఎక్స్‌రేకు కంప్యూటరు పెట్టారు. ఇక కడగడం లేదు, ఆరబెట్టడం లేదు. బొమ్మ నేరుగా తెర మీదికి వస్తుంది, అదే సమయంలో డాక్టరు గదిలో ఆయన తెర మీదికీ పోతుంది. నేర్పడానికి వచ్చిన మనిషి మొదట చెప్పింది ఒకటే. పేరు, వయసు, నెంబరు కొట్టకుండా ఈ యంత్రం ముందుకు పోదు. అతను పక్కకు పోయాక ఊరికే ప్రయత్నించి చూశాను. పేరు గడి ఖాళీగా ఉంచి మీట నొక్కాను. పోలేదు. మళ్ళీ నొక్కాను. పేరు అడుగుతూ తెర అట్లాగే నిలబడింది.

చీకటి గది ఎత్తేసే రోజు పాత ఫిల్ములు కొనే మనిషి వచ్చాడు. వాటిలోని వెండి కోసం కొంటారు. ఏళ్ళనాటి ఫిల్ములన్నీ వరండాలో గుట్టగా పోశాం. నాది ముందే తీసి పెట్టుకోవాలనుకున్నాను. రోగులు ఎక్కువై మరిచిపోయాను. మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి డాక్టరు ఆ గుట్ట దగ్గర నిలబడి ఒక చిన్న ఫిల్మును ఆకాశానికి పట్టి చూస్తున్నారు.

"నెంబరు లేదేమయ్యా దీనికి?" అన్నారు. ఆయన పై అంచు దగ్గర వేలు పెట్టారు. పెట్టడానికి ఆయనకు ఎంతసేపూ పట్టలేదు. "పూస పోయుండాది, సందు పోయుండాది. పక్కకు తిప్పి ఇంకోటి తీయలేదే. ఎవరు చూసి వదిలిపెట్టినారు దీన్ని?"

"నేనే సార్. మా నాయనది" అన్నాను.

ఆయన ఫిల్ము దించారు. ఫిల్ములు కొనే మనిషి కాటా సర్దుకుంటున్నాడు. డాక్టరు అన్నారు, "ధర్మవరంలో నాకు కండ్లు పోయినాయంటారంట. ఇదేనా అది?"

అవునన్నాను.

"నా బల్ల మీద పెట్టింటే అయిపోతాండె గదయ్యా" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది. గదిలోకి పిలిచి, కొత్త కవరు తీసి, పెన్ను మూత తీసి, "పేరు చెప్పు" అన్నారు. నాయన పేరు చెప్పాను, వయసు చెప్పాను. కవరు మీద రాసి, ఫిల్ము అందులో పెట్టి నాకిచ్చారు. తర్వాత రోగిని పిలిచారు.

మరుసటి రోజు పొద్దున రైలుకు ధర్మవరం పోయాను. అమ్మ వాకిట్లో పటిక బిందె ముందు కూర్చుని గరిటె తిప్పుతోంది. ఇన్నేళ్ళుగా ఆ పని ఆపలేదు. ఆపమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాయన గోడవైపు తిరిగి ఉన్నాడు. మంచం పక్కన కూర్చుని, కవరు ఆయన చేతి దగ్గర పెట్టి అంతా చెప్పాను. రిజిస్టరులో రాయని సంగతి, చిన్న ఫిల్ము సంగతి, ఆ మధ్యాహ్నం డాక్టరు ఊరిలోనే ఉన్న సంగతి. ఆయన చూడలేదు నాయనా, నేను చూపించలేదు అని చెప్పాను.

వీధిలో మగ్గాలు కొడుతూనే ఉన్నాయి. నాయన కవరు ముట్టుకోలేదు. గోడవైపే చూస్తూ మాట్లాడాడు.

"అయితే ఇన్నేండ్లు ఆయన్ను తిట్టిన తిట్లన్నీ యాడికి పోవల్ల ఇప్పుడు?"

జారిపోతున్న కవరును మళ్ళీ ఆయన చేతి దగ్గరికి జరిపాను.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా వినింది. చేతిలో గరిటె అట్లాగే ఉంది. "ఈ నీళ్ళు గూడా ఉత్తదేనా?" అని అడిగింది. నీళ్ళు మంచివేనమ్మా, అవి తాగొచ్చు అన్నాను. అది నిజమే. ఆమె నా మాట విన్నట్టు లేదు. వాకిట్లోకి పోయి బిందెను వంచేసింది. తెల్లటి మడ్డి మోరీదాకా పారింది.

"ఆ పరుపు దించు" అన్నాడు నాయన.

అటకెక్కి డబ్బా దించాను. రబ్బరు మడతల్లో అతుక్కుపోయి ఉంది. విడదీస్తే చర్మం ఊడినట్టు శబ్దం. ఒక మూల ఎలుకలు కొట్టాయి. వీధి చివర సైకిలు షాపుకు పోయి ట్యూబు ముక్కలు, సొల్యూషను, పంపు అడిగి తెచ్చాను. ఏడు చోట్ల అతికించాను. నేను పంపు కొడుతుంటే నాయన తల తిప్పి చూస్తున్నాడు. పరుపు మెల్లగా లేచింది. అమ్మా నేనూ కలిసి ఆయన్ను ఎత్తి దాని మీద పడుకోబెట్టాం. కొత్తగా ఉందేమో, ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎట్లుందని అడిగాను.

"మెత్తగుండాది" అన్నాడు.

అరగంట కూడా కాలేదు. మడతలు పగిలిన చోట్ల, నా కంటికి కనపడని చోట్ల సన్నగా సుయ్యిమని వినపడుతోంది. వేళ్ళు తడిపి వెతుకుతూ ఒక్కో చోట మూస్తున్నాను. ఆయన నడుము మెల్లగా కిందికి దిగుతోంది, పరుపులోంచి మంచం చెక్క మీదికి.

"పోనీలే, అది ఇంక గాలి పట్టదు" అన్నాడు నాయన. "నన్ను తిప్పు."

అమ్మ అటు పట్టుకుంది. నేను ఇటు వచ్చి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, ఆయన్ను పక్కకు తిప్పాను.